పెదవాల్తేరు మేడ మీద మంచు పాఠాలు: నాలుగు ఆదివారాలు, ఆ తరువాత తొమ్మిది రోజుల గుల్‌మార్గ్

విశాఖపట్నంలో ఉంటూ మంచు గురించి నేర్చుకోవడానికి నాలుగు వేల రూపాయలు కట్టానని చెప్పినప్పుడు మా అమ్మ ఏమీ అనకుండా ఫ్రిజ్ తలుపు తెరిచి చూపించింది. ఆ పాఠాలు గత నవంబరు, డిసెంబరు నెలల్లో నాలుగు ఆదివారాలు, పూటకు మూడు గంటల చొప్పున, పెదవాల్తేరులో ఒక ఇంటి మేడ మీది గదిలో జరిగాయి. వాటికి బోర్డు లేదు, ప్రకటన లేదు, పేరు కూడా లేదు. హిమాలయాలకు వెళ్లివచ్చేవారు ఒకరికొకరు చెప్పుకోగా పద్నాలుగు మందిమి పోగయ్యాము. చెప్పినవారు ఇద్దరు. పెద్దాయన వాతావరణ పరిశీలనలో ఉద్యోగం చేసి రిటైరైనవారు. ఆయనను అందరమూ మాస్టారు అనే పిలిచాము. రెండో ఆయన మాలో చాలామంది కంటే చిన్నవాడు, కశ్మీరులోని గుల్‌మార్గ్‌లో స్కీయింగ్ కోర్సులు పూర్తిచేసి కొన్ని శీతాకాలాలు అక్కడే గడిపినవాడు. పాఠాలు ముగియగానే ఈ సమీక్ష రాయకుండా ఆగాను. ఫిబ్రవరిలో తొమ్మిది రోజులు గుల్‌మార్గ్‌లో ఉండి, మేడ మీద విన్నది కొండ మీద ఎంతవరకు నిలబడిందో చూసుకున్న తరువాతనే రాస్తున్నాను.

నేను ఈ పాఠాలకు వెళ్లడానికి కారణం అంతకు ముందటి ఏడాది నా వేళ్లకు జరిగిన అవమానం. ఆ రోజు పొద్దున హోటల్ గదిలో ఫోను తెరిస్తే గుల్‌మార్గ్‌లో −2 డిగ్రీలు, నిర్మలమైన ఆకాశం అని కనిపించింది. అంత చలికి ఇంత ఆర్భాటం ఎందుకని పలుచని చేతి తొడుగులు వేసుకొని గండోలా (తీగల మీద కొండెక్కించే పెట్టె బండి) రెండో దశ ఎక్కి అఫర్వత్ కొండ మీదికి చేరాను. పది నిమిషాలకు వేళ్లు చెప్పిన మాట వినడం మానేశాయి, అరగంటకు స్కీ కర్ర పట్టుకొని ఉన్నానో లేదో కళ్లతో చూసుకుంటే తప్ప తెలియలేదు. ఫోను అబద్ధం చెప్పలేదన్నది మొదటి ఆదివారం మాస్టారు వేయించిన లెక్కతో తెలిసింది. ఫోను చెప్పినది 2,650 మీటర్ల ఎత్తున ఉన్న మైదానం సంగతి, నేను నిలబడినది దాదాపు 3,950 మీటర్ల దగ్గర. కిలోమీటరు ఎక్కితే సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుంది కాబట్టి, 1,300 మీటర్లకు ఎనిమిదిన్నర డిగ్రీలు పోయి, పైన −10 దాటి ఉంటుంది. దానికి గంటకు 40 కిలోమీటర్ల గాలి తోడైతే ఒంటికి తగిలే చలి −21 డిగ్రీలతో సమానం. ఈ లెక్కకు పెన్సిలు, అర నిమిషం చాలు. నాలుగు వేలలో రెండు వేలు నాకు అక్కడే ముట్టాయని అనుకున్నాను.

మొదటి ఆదివారంలో మరొక మంచి భాగం ‘మంచు’ అనే మాటను విడదీయడం. మనకు తెల్లవారుజామున గడ్డి మీద కనిపించేది మంచు, అరకు ఘాట్‌లో లారీ దీపాలను మింగేసేది మంచు, చలి ముదిరిన రోజున లంబసింగిలో ఆకుల అంచున గట్టిపడేదీ మంచే. చేపల రేవులో పెట్టెల మీద కొట్టిపోసేది ఒక్కటే ఐసు. పత్రికలవారు ఆకాశం నుంచి రాలే మంచునూ హిమపాతమే అంటారు, కొండ మీది నుంచి విరుచుకుపడి మనుషులను కప్పేసే మంచునూ హిమపాతమే అంటారు; ఒకటి స్కీయరు ఎదురుచూసేది, రెండోది ప్రాణం తీసేది. అందుకని మాస్టారు మొదటిదానికి మంచు కురవడం, రెండోదానికి మంచు చరియ అని ఖాయం చేసి, నాలుగు వారాలూ ఆ మాటలే పట్టుకొని ఉన్నారు. నేల మీది మంచుకు వంటింటి పేర్లు పెట్టారు. అటుకుల్లా తేలికగా పడినది కొత్త మంచు, చల్లని నీటి తుంపరలు రేకులకు అంటుకొని గుండ్రపడితే సగ్గుబియ్యం, పగటి ఎండకు కరిగి రాత్రికి పేరుకున్న పైపొర అప్పడం, ఒకదానికొకటి అంటుకోకుండా వేళ్ల సందున జారిపోయే పలుకులు పంచదార. ఇంగ్లీషులో వీటిలో ప్రతిదానికీ ఒక శాస్త్రీయమైన పేరు ఉంది, ముద్రించి ఇచ్చిన కాగితాల్లో అవి ఉన్నాయి కూడా; కాని కొండ మీద నాకు గుర్తొచ్చినవి సగ్గుబియ్యమూ అప్పడమూ మాత్రమే.

రేకుల ఆకారం గురించి చెబుతూ, 1936లో జపానులోని హొక్కైడోలో నకయా ఉకిచిరో అనే శాస్త్రవేత్త కుందేలు వెంట్రుక కొసన తొలిసారిగా కృత్రిమ మంచు రేకును పెంచిన సంగతి చెప్పారు. ఎంత చలిలో, ఎంత తేమలో ఏ ఆకారం వస్తుందో ఆయన పట్టిక వేశారు. −15 డిగ్రీల చుట్టుపక్కల కొమ్మలు కొమ్మలుగా విచ్చుకున్న ఆరు రెక్కల నక్షత్రాలు వస్తాయి, వాటి సందుల్లో గాలి ఎక్కువగా ఉంటుంది కాబట్టి స్కీయర్లు పడిచచ్చే మెత్తని పొడి మంచు వాటితోనే తయారవుతుంది. కొత్తగా పడిన అలాంటి మంచు ఘనపు మీటరుకు 50 నుంచి 100 కిలోలు తూగుతుంది, అదే నీళ్లయితే 1,000 కిలోలు. మాకు తలా ఒక భూతద్దం ఇచ్చి నల్లని గుడ్డ మీద పంచదార, ఉప్పు, రవ్వ చూడమన్నప్పుడు చిన్నపిల్లల ఆటలా అనిపించింది. గుల్‌మార్గ్‌లో చేతి తొడుగు మీద పడిన అసలు రేకును అదే అద్దంతో చూసినప్పుడు ఆ ఆట ఎందుకు ఆడించారో అర్థమైంది, ఎందుకంటే రేకు కరిగేలోపు చూడటానికి నాలుగు క్షణాలే ఉంటాయి, ఏం వెతకాలో ముందే తెలిసి ఉండాలి.

రెండో ఆదివారం ఆకాశానిది, అది మాస్టారి సొంత పొలం. విశాఖవాసులకు వాతావరణం పాఠం చెప్పడం తేలిక అన్నారాయన. అల్పపీడనం, వాయుగుండం, తుఫాను అన్న వరుస ఇక్కడ అందరికీ నోటికి వచ్చు, 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్‌ను ఒంటి మీదకు తెచ్చుకున్నవారికి గాలి వేగం అంటే ఏమిటో వేరే వివరించనక్కర లేదు. అయితే కశ్మీరుకు మంచు తెచ్చేది మన బంగాళాఖాతం కాదు. మధ్యధరా సముద్రం ప్రాంతంలో పుట్టి, ఎత్తులో వీచే పడమటి గాలుల ప్రవాహాన్ని పట్టుకొని ఇరాన్, అఫ్గానిస్తాన్‌ల మీదుగా తూర్పుకు నడిచివచ్చే పశ్చిమ అలజడులు తెస్తాయి. మన తుఫానుకు వెచ్చని సముద్రపు నీరు బలం, వాటికి చల్లని గాలీ వెచ్చని గాలీ ఎదురుపడే చోటు బలం. శీతాకాలంలో నెలకు నాలుగు నుంచి ఆరు వస్తాయి, కాని అన్నీ మంచు కురిపించవు. కొన్ని మబ్బు చూపించి వెళ్లిపోతాయి. డిసెంబరు 21 నుంచి నలభై రోజుల గడ్డు చలిని కశ్మీరీలు చిల్లై కలాన్ అంటారు, తరువాతి ఇరవై రోజులు చిల్లై ఖుర్ద్, ఆ పైన పది రోజులు చిల్లై బచ్చా. ఆ నలభై రోజుల్లో మంచు తప్పక ఉంటుందని నమ్మి టికెట్లు కొన్నవారికి 2024 జనవరి పెద్ద పాఠం: నెలలో చాలా రోజులు గుల్‌మార్గ్ మైదానం గోధుమరంగు గడ్డితోనే ఉంది, జనవరి చివరికి గాని మంచు పడలేదు. 2025లో ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు మంచు చాలక ఫిబ్రవరి నుంచి మార్చికి వాయిదా పడ్డాయి. అందువల్ల తేదీని కాకుండా అలజడిని చూసి ప్రయాణం పెట్టుకోవాలని మాస్టారి సలహా. రెండు నెలల ముందు సెలవు అడగవలసిన ఉద్యోగస్థులకు ఈ సలహా ఎంతవరకు పనికొస్తుందన్నది వేరే సంగతి.

ఎత్తుకు పోయేకొద్దీ చలి పెరుగుతుందన్న మొదటి వారపు సూత్రాన్ని ఆయనే రెండో వారం తలకిందులు చేశారు. వంజంగి కొండ ఎక్కినవాళ్లు ఎవరని అడిగితే దాదాపు అందరమూ చేతులెత్తాము. కింద లోయంతా పాలసముద్రంలా మేఘాలు, పైన మనకు ఎండ. ఆ దృశ్యం కోసమే కదా పాడేరు దాకా అర్ధరాత్రి బండ్లు కట్టుకొని వెళతాము. రాత్రి నిర్మలంగా, గాలి లేకుండా ఉంటే నేల తన వేడిని ఆకాశానికి వదిలేస్తుంది, చల్లబడిన గాలి బరువెక్కి నీళ్లలాగే పల్లానికి జారి లోయలో నిలుస్తుంది, అప్పుడు కింద చలి, పైన వెచ్చదనం. కశ్మీరు లోయలోనూ జరిగేది ఇదే. స్కీయరుకు దీనివల్ల రెండు తెలుస్తాయి: పొద్దున గుల్‌మార్గ్ మైదానంలో వణికించిన చలిని చూసి పైన ఇంకా ఘోరంగా ఉంటుందని హడలిపోనక్కర లేదు, అలాగే మంచు పైపొర గాలి కంటే కూడా చల్లగా ఉండవచ్చు. రెండోది చిన్న విషయంలా వినిపించింది. మూడో ఆదివారం అంతా దాని మీదనే నడిచింది.

ఈ పాఠాలకు డబ్బు కట్టడం సబబేనా అని ఎవరైనా అడిగితే నేను చూపించేది మూడో ఆదివారాన్నే. బల్ల మీద పెద్ద అల్యూమినియం పళ్లెం పెట్టి, దాని అడుగున గరుకు కాగితం పరిచి, ఒక పొర తడి ఇసుక, దాని మీద పలుచగా పంచదార, దాని మీద రెండంగుళాల మందాన జల్లెడ పట్టిన బియ్యప్పిండి పోసి, పిండిని అట్టముక్కతో మెల్లగా అదిమారు. తరువాత పళ్లేన్ని ఒక పక్క నుంచి ఎత్తుతూ పోయారు. 25 డిగ్రీల దగ్గర ఏమీ కాలేదు. 35 దాటిన తరువాత కూడా ఏమీ కాకపోయేసరికి మాలో ఒకరు నవ్వారు. అప్పుడు చిన్నాయన, అంటే చెప్పేవారిలో రెండో ఆయన, చూపుడు వేలితో పిండి మీద ఒక్క చోట తట్టారు. ఆ చోట గుంట పడటం కాదు, పళ్లెం వెడల్పునా అడ్డంగా గీత గీసినట్టు చీలి, పిండి మొత్తం ఒకే పలకగా జారి బల్ల మీద పడింది. గదిలో ఎవరూ మాట్లాడలేదు. పంచదార లేకుండా అదే పని మళ్లీ చేసినప్పుడు అదే వాలులో, అదే వేలితో, పిండి కదలలేదు.

ఆ పంచదార అసలు కొండ మీద ఎక్కడి నుంచి వస్తుందన్నది తరువాతి గంట. మంచు కింద నేల దాదాపు 0 డిగ్రీల దగ్గర ఉంటుంది. నిర్మలమైన రాత్రి పైపొర −15కు దిగిందనుకుందాం. మధ్యలో ఉన్న మంచు మందం 50 సెంటీమీటర్లే అయితే, ప్రతి 10 సెంటీమీటర్లకు 3 డిగ్రీల తేడా. ఆ తేడా 10 సెంటీమీటర్లకు 1 డిగ్రీ దాటితే కింది నుంచి ఆవిరి పైకి ఎక్కుతూ, దారిలోని రేకుల ఆకారం మార్చి కోణాలున్న పలుకులుగా మళ్లీ పేరుస్తుంది. వాటికి ఒకదానితో ఒకటి పట్టు ఉండదు. అదే మంచు రెండు మీటర్ల మందం ఉంటే తేడా 10 సెంటీమీటర్లకు 0.75 డిగ్రీలే, అప్పుడు రేకులు గుండ్రపడి ఒకదానికొకటి అతుక్కుంటాయి. అంటే కొద్దిగా మంచు పడి, ఆపైన వారాల తరబడి ఎండ కాసిన శీతాకాలమే ఎక్కువ భయపెట్టవలసినది. మంచు తక్కువగా ఉంటే ప్రమాదం కూడా తక్కువే కదా అని అంతవరకు నేను అనుకునేవాడిని. ఆ పలుచని పంచదార మీద ఫిబ్రవరిలో ఒక్కసారిగా మూడు అడుగులు పడితే, పళ్లెం మీద మేము చూసినది కొండ మీద సిద్ధమవుతుంది. వేలికి బదులు స్కీయరు ఉంటాడు. చరియల్లో చనిపోయిన స్కీయర్ల విషయంలో సుమారు 90 శాతం సందర్భాల్లో ఆ చరియను కదిపినది వారే, లేదా వారి జట్టులోని మరొకరే.

పొడి మంచు కురవకపోయినా గాలి దానిని మోసుకొచ్చి పలకలు కడుతుంది. గాలి వీచే ముఖం నుంచి మంచును ఎత్తి, శిఖరం దాటించి, గాలిచాటు వాలు మీద దించుతుంది. నైరుతి నుంచి గాలి వీస్తే ఈశాన్యపు వాలు మీద రాత్రికి రాత్రే మంచు రెట్టింపు కావచ్చు. దీనిని చూపించడానికి మమ్మల్ని తెల్లవారగానే ఆర్కే బీచ్‌కు తీసుకువెళ్లి, ఇసుక దిబ్బల మీద గాలి గీసిన అలలను, వాటి రెండు వైపులా వాలులో ఉన్న తేడాను కొలిపించారు. పొడి ఇసుక 34 డిగ్రీలకు మించి నిలవదు. మంచు చరియలు ఎక్కువగా కదిలేవి 30 నుంచి 45 డిగ్రీల మధ్య వాలుల్లో, అందులోనూ 38 చుట్టుపక్కల. ఫోనులోని వాలుకొలతతో ఆ ఇసుకను కొలిచిన తరువాత, 30 డిగ్రీలు కంటికి ఎంత తక్కువగా కనిపిస్తుందో తెలిసి ఒళ్లు జలదరించింది. అక్కడే చరియలో చిక్కినవారిని వెతికే ట్రాన్సీవర్ సాధన కూడా చేయించారు. 457 కిలోహెర్ట్జ్ సంకేతం పంపే పరికరాన్ని సంచిలో చుట్టి ఇసుకలో పాతిపెట్టి మమ్మల్ని వెతకమన్నారు. వాకింగుకు వచ్చినవారు చుట్టూ మూగారు. ఒక పెద్దావిడ ‘ఏం పారేసుకున్నారు బాబూ, ఉంగరమా?’ అని అడిగి, మేము చెప్పినది విని, మంచులో మునిగిన మనిషిని విశాఖ ఇసుకలో వెతుకుతున్నందుకు జాలిపడి వెళ్లిపోయింది.

ఇక లోపాలు. ట్రాన్సీవర్లు పద్నాలుగు మందికి రెండే ఉన్నాయి. నా వంతు వచ్చేసరికి ఎండ మండిపోతోంది, నేను ఒక్కసారే వెతికాను, దానికి పదకొండు నిమిషాలు పట్టింది. చరియ కింద చిక్కినవారు బతికే అవకాశం మొదటి పది, పదిహేను నిమిషాల తరువాత బాగా పడిపోతుంది కాబట్టి ఆ లెక్కన నేను వెతికిన మనిషి అనుమానమే. ఇది ఒక్కసారి చేసి వదిలేసే పని కాదు, చేతికి అలవాటయ్యేదాకా చేయించవలసిన పని. కాగితాల్లో పటాలన్నీ నలుపు తెలుపుల్లో జెరాక్స్ తీసినవి కావడంతో, రంగులతో సూచించిన ప్రమాద స్థాయిలన్నీ ఒకే బూడిదరంగులోకి దిగిపోయాయి. అన్నిటికంటే పెద్ద లోపం నాలుగో ఆదివారానిది. హెచ్చరికలను చదవడం ఆ రోజు అసలు విషయం కాగా, దానికి ఇరవై నిమిషాలు మాత్రమే మిగిలాయి, ఎందుకంటే అంతకు ముందు రెండు గంటలు మేఘాల రకాల మీద గడిచిపోయాయి. మాస్టారికి మేఘాలంటే ప్రాణమని మాకు తెలుసు, వినడానికి బాగుంది కూడా. కాని అఫర్వత్ మీద నిలబడినవాడికి మేఘం పేరు తెలియకపోయినా నడుస్తుంది, హెచ్చరికలోని మాట తెలియకపోతే నడవదు.

ఆ ఇరవై నిమిషాల్లో చెప్పినది మాత్రం మేలైన సరుకు. మన దేశంలో మంచు చరియల అంచనాలు ఇచ్చే పని 1969లో మనాలీలో మొదలైన సాసే (మంచునూ మంచు చరియలనూ అధ్యయనం చేసే సంస్థ) అనే సంస్థది. అది 2020లో రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓకు చెందిన డీజీఆర్ఈలో కలిసిపోయింది. అక్కడి నుంచి వచ్చే హెచ్చరికల్లో జిల్లా పేరు, ఎంత ఎత్తుకు పైన అన్న సంఖ్య, ప్రమాద స్థాయి ఉంటాయి. చాలామంది స్థాయిని చూసి ఎత్తును వదిలేస్తారు. చరియల ప్రమాదాన్ని చెప్పడానికి యూరప్‌లో 1993 నుంచి ఐదు మెట్ల కొలమానం వాడుకలో ఉంది. మెట్టు మెట్టుకూ ప్రమాదం సమానంగా పెరగదు, రెట్లుగా పెరుగుతుంది. మూడో మెట్టు అంటే ఐదింట మూడు, పరీక్షలో అరవై మార్కులలాంటిదని అనుకుంటే పొరపాటే, ఎక్కువమంది ప్రాణాలు పోయేది ఆ మెట్టులోనే. నాలుగో మెట్టులో ఎవరూ బయటికి రారు, మూడో మెట్టులో ఎండ కాస్తుంది, కొత్త మంచు పిలుస్తుంది. అఫర్వత్ మీద 2023 ఫిబ్రవరి 1న ఇద్దరు పోలండ్ స్కీయర్లు, 2024 ఫిబ్రవరి 22న ఒక రష్యన్ స్కీయరు మంచు చరియల్లో చనిపోయారు. ఈ రెండు తేదీలను చిన్నాయన పలక మీద రాసి, చెరపకుండా ఇంటికి పంపించారు.

గుల్‌మార్గ్‌లో మేము దిగిన మర్నాడే ఒక అలజడి వచ్చి రెండు రోజులు కురిసింది. మూడో రోజు ఆకాశం తేటపడగానే హోటల్‌లో అందరూ రెండో దశకు పరుగెత్తారు. మేము మొదటి దశలోనే, కొంగ్‌డోరి దగ్గర చదునుచేసిన వాలుల్లో ఉండిపోయాము. నాకు వచ్చిన నాలుగు ముక్కల జ్ఞానంతో పైన ప్రమాదం ఉందని తేల్చానని చెప్పుకోను. రాత్రంతా గాలి వీచిందనీ, గాలిచాటు వాలు ఏదో చూసి తెలుసుకోగలననీ, వాలుల భద్రత చూసే స్కీ పెట్రోల్ వారి బోర్డు చదివి అర్థం చేసుకోగలననీ మాత్రమే చెప్పగలను. మా స్నేహితుడు పార అంచుతో మంచును నిలువుగా కోసి చూస్తే, పై నుంచి మోచేతి లోతున వేలు దూర్చగానే పంచదార రాలింది. అది ఎదురుగా కనబడిన తరువాత వేరే వాదన అవసరం రాలేదు. ఆరో రోజున దక్షిణపు వాలు మీద పొద్దున అప్పడం, పదకొండు గంటలకు పైన అంగుళం మేర మెత్తబడిన హాయైన మంచు, ఒంటిగంటకు మోకాలు లాగేసే తడి ముద్ద. గంటను బట్టి వాలు ఎంచుకోవడం మాకు అప్పటికి చేతనైంది. ముందటి ఏడాది నేను ఇదే వాలును ఒంటిగంటకు దిగి, నా స్కీయింగే బాగాలేదని బాధపడ్డాను.

పాఠాల్లో ఎక్కడా రాని ఒక సంగతి మాత్రం రోజూ ఇబ్బంది పెట్టింది. మబ్బు కమ్మినప్పుడు ఆకాశమూ నేలా ఒకే తెలుపైపోయి, నీడలు మాయమై, ముందున్నది గుంటో మిట్టో తెలియదు. కొత్త మంచు తన మీద పడిన వెలుతురులో 80 శాతానికి పైగా తిప్పికొడుతుందని రెండో ఆదివారం చెప్పారు గాని, మబ్బు రోజున దానివల్ల కన్ను ఎలా మోసపోతుందో, చెట్ల అంచున దిగితే ఎందుకు మేలో, ఏ రంగు అద్దాల గాగుల్స్ పెట్టుకోవాలో చెప్పలేదు. నేను కదలకుండా నిలబడి ఉన్నాననుకుంటూ వెనక్కి జారి పడ్డాను.

స్కీయింగ్ ఎలా చేయాలో నేర్పుతారని ఆశించేవారు ఈ పాఠాలకు వెళ్లనక్కర లేదు, అది గుల్‌మార్గ్‌లోనో ఉత్తరాఖండ్‌లోని ఔలీలోనో నేర్చుకోవలసినది. ఒకసారైనా మంచు మీద నిలబడి, పడి, మళ్లీ వెళ్లాలనుకునేవారికి నాలుగు వేలు ఎక్కువ కాదు. మైదానం దాటి చదునుచేయని వాలుల్లోకి పోవాలనుకునేవారికి మాత్రం ఇవి సరిపోవు. వారికి మంచు మీదనే, ట్రాన్సీవరు చేతపట్టుకొని కొన్ని రోజులు చేసే శిక్షణ కావాలి, ఆ మాట చిన్నాయన మొదటి రోజే చెప్పారు. తిరిగి వచ్చాక మాస్టారిని కలిసి, మేఘాలకు గంట తగ్గించి హెచ్చరికలకు ఇవ్వమని, పటాలు రంగుల్లో అచ్చు వేయించమని చెప్పాను. రెండో దానికి ఒప్పుకున్నారు, మొదటిదానికి నవ్వి ఊరుకున్నారు. వచ్చే నవంబరులో మూడో ఆదివారానికి మళ్లీ వస్తానని చెప్పి ఉంచాను. బియ్యప్పిండి మా ఇంటి నుంచే తెస్తానన్నాను.